మావయ్య మీసం, కలకత్తా గేరు

కలకత్తా వెళ్ళొచ్చానంటే మీరు ఏమడుగుతారో నాకు తెలుసు. పాలరాతి భవనం చూశావా? చూడలేదు. కాళీ గుడి? వెళ్ళలేదు. హౌరా వంతెన? దాని మీద నుంచే వెళ్ళాను గానీ, ఆ కాసేపూ ఒళ్ళో ఉన్న ఐదు కిలోల ఇనుప ముక్క టాక్సీ డ్రైవరు మడమ మీద పడకుండా కాపాడే పనిలో ఉన్నాను. వంతెన ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో చెప్పలేను. ఆ మహానగరంలో నేను శ్రద్ధగా చూసింది ఒక్కటే: పళ్ళు. గేరు పళ్ళు.

కారణం మా మేనమావ మీసం.

సాలూరు దగ్గర మా మావయ్యకు రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి జీపు ఒకటుంది. వాళ్ళ నాన్నగారు మిలిటరీ వేలంలో కొన్నారు. మొన్న వేసవిలో రైసు మిల్లు సత్యం నాయుడు పదిమంది ముందు, "ఆ డొక్కు మన కొండదారి ఘాటీ ఎక్కిన రోజు నా మీసం తీయించేస్తాను" అన్నాడు. మావయ్య తగ్గుతారా? "దసరా నాటికి నాతో కలిపి ఎనిమిది మందితో ఘాటీ ఎక్కకపోతే నాది తీయించేస్తాను" అన్నారు. మర్నాడు ఒంటరిగా పరీక్షకు వెళ్ళారు. మొదటి మలుపులోనే ఫస్టు గేరు పళ్ళు మూడు విరిగాయి. కబురందాక నలుగురం వెళ్ళి జీపును వెనక్కి తోసుకొచ్చాం.

మావయ్య మీసం గురించి ఒక్క మాట. అది అత్తయ్య కంటే ముందు ఆ ఇంటికొచ్చింది. రోజూ దానికి ఆముదం అందుతుంది. అత్తయ్యకు అందదు.

విరిగిన దాన్ని కౌంటర్ గేరు అంటారు. గేరుబాక్సు అడుగున పడుకుని ఉంటుంది. నాలుగు పళ్ళ చక్రాలు ఒకే ఇనుప ముద్దలో కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఒక చక్రం పాడైతే మొత్తం మార్చాల్సిందే. సాలూరులో లారీ మెకానిక్కులకు కొదవ లేదు. వాళ్ళు వెల్డింగు పెట్టి చూశారు. అర కిలోమీటరు నడిచింది. "యుద్ధం సామానంతా కలకత్తాలో మల్లిక్ బజారులో పోగుపడి ఉంటుంది, అక్కడ దొరక్కపోతే ఇంకెక్కడా దొరకదు" అన్నారు. మెకానికల్ డిప్లమా చేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నవాణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే.

రైల్లో

నా సంచీలో ఉన్నవి: విరిగిన గేరు, కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్, ఇరవై మూడు కొలతలు రాసిన నోటు పుస్తకం, జీపు పక్కన మావయ్య నిలబడ్డ ఫోటో, అత్తయ్య కట్టిచ్చిన సున్నుండలు. ఫోటో జీపు గుర్తుపట్టడానికి తెచ్చాను. తీరా చూస్తే అందులో జీపు కంటే మీసమే స్పష్టంగా ఉంది.

కొలతలు అన్ని ఎందుకంటే, ఈ జీపులకు రెండు రకాల గేరుబాక్సులు వచ్చాయి. యుద్ధం నాటివి ఒక రకం, తర్వాతవి ఇంకో రకం. చూడ్డానికి కవల పిల్లలు. దగ్గర పెట్టుకుని కొలిస్తే ఒకటి రెండోదానికంటే కాస్త పొడుగు. దీని గేరు దాంట్లో కూర్చోదు.

ఎదుటి సీటులో ఒక బెంగాలీ పెద్దావిడ నా గేరును చాలాసేపు చూసి, మీ దేశంలో మసాలా దీంతోనే నూరతారా అని హిందీలో అడిగారు. ఇది జీపుదండీ అని పళ్ళ లెక్కతో సహా వివరించాను. ఓపిగ్గా విన్నారు. "అయితే ఉల్లిపాయ దీంతో నలగదా?" అన్నారు.

ఖిదిర్‌పూర్‌

నా బస అప్పన్న ఇంట్లో. మా జీపు డ్రైవరుకు బావ. టెక్కలి వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా ఈ కలకత్తా రేవులో సరుకులెత్తే వించి నడుపుతున్నాడు. ఒక గది, ఒక వరండా. వీధిలో ఈ గోడ నుంచి ఆ గోడకు బట్టలారేసే తాళ్ళు, వాటి మధ్యనే ఎర్ర జెండాలు. కొన్నిసార్లు ఏది బట్టో ఏది జెండానో చెప్పడం కష్టం.

అప్పన్న గేరును రెండు చేతులతో అందుకుని తూచి చూశాడు.

"ఏటి బాబూ, ఇంతోటి ఇనుము సాలూరు నుంచి మోసుకొచ్చినావా? ఇక్కడ ఇనుము లేదనుకున్నావేటి?"

"ఇలాంటిదే ఇంకోటి కావాలి" అన్నాను.

"ఎందుకూ?"

మీసం సంగతి చెప్పాను. అప్పన్న తన మీసం మీద చెయ్యేసుకుని, నెమ్మదిగా గోడకు చేరగిలబడ్డాడు. "ఓరి బాబో. మీసమే! అయితే ఇది ఆట కాదు. సెలవెట్టి నీతో వత్తాను."

ఆయన భార్య నారాయణమ్మ ఎండుచేపలు, వంకాయ కలిపి కూర వండింది. తాలింపు మనదే గానీ ఆవాలు మాత్రం బెంగాలీ పద్ధతిలో నూరి వేసింది. ముక్కులోంచి నేరుగా నడినెత్తికి చేరుతుంది. నా కళ్ళ నీళ్ళు చూసి, "మావఁయ్య మీసం గురించి ఎంత బెంగెట్టుకున్నాడో సూడు" అంది. నేనేం సరిదిద్దలేదు. ఇంకో చేప ముక్క వేసింది.

ఇక్కడ కరెంటు పోతే ఎవరూ పట్టించుకోరు. వస్తే మాత్రం వీధి వీధంతా ఒక్కసారి కేక వేస్తుంది. మా ఊళ్ళో సరిగ్గా దీనికి తలకిందులు.

మల్లిక్ బజార్

ఈ బజారులో పద్ధతి ఏమిటంటే, వెళ్ళగానే ఏం కావాలో చెప్పకూడదు. అది మోటుతనం. ముందు కూర్చోవాలి. మట్టి ముంతలో టీ వస్తుంది, యాభై పైసలు. తాగి ముంతను పగలగొట్టేయాలి. మా ఊరి హోటల్లో గ్లాసు పగిలితే ముప్పావు గంట గొడవ, ఇక్కడ పగలగొట్టకపోతే వింతగా చూస్తున్నారు. తర్వాత మద్రాసీవా అని అడుగుతారు. కాదు, ఆంధ్ర అనాలి. రెండూ ఒకటే కదా అంటారు. కాదని చెప్పేసరికి రెండో టీ వస్తుంది. అప్పుడు గేరు బయటికి తీయవచ్చు.

పన్నెండు దుకాణాలు తిరిగాం. తొమ్మిది మంది ఉందన్నారు. ముగ్గురు లేదన్నారు. నిజం చెప్పింది ఆ ముగ్గురే. ఉందన్న తొమ్మిదిలో ఐదు రెండో రకం గేరుబాక్సువి, రెండు లారీవి, ఒకటి ట్రాక్టరుది. తొమ్మిదోది అసలు గేరే కాదు, నీళ్ళ పంపు భాగం.

"సేమ్, దాదా, ఏకేబారే సేమ్!" అన్నాడు ఆ పంపు వ్యాపారి, అచ్చం అదేనన్నట్టు.

కాలిపర్ పెట్టి చూపించాను. "చూడండి, ముప్పై ఒక్క మిల్లీమీటర్లు తేడా."

అతను కాలిపర్ వైపు జాలిగా చూశాడు. "మీ పరికరం పాడైపోయింది దాదా. మంచిది నా దగ్గరుంది, ఇవ్వనా?"

లేదన్న ముగ్గురిలో ఒకాయన నిమాయి బాబు. బక్కగా, పొడుగ్గా, కళ్ళజోడు దారంతో కట్టుకుని ఉన్నారు. నా గేరును తీసుకుని కళ్ళు మూసుకుని బొటనవేలితో ఒక్కొక్క పన్నూ తడిమారు. "యుద్ధం నాటిది. మొదటి రకం" అన్నారు. ఇరవై మూడు కొలతలతో నేను తేల్చిన సంగతి. ఉందా అని అడిగితే మాత్రం లేదన్నారు, అడిగిన మరుక్షణమే. పుస్తకంలో ఆయన పేరు ఎదురుగా సున్నా చుట్టాను.

సాయంత్రానికి నా పొట్టలో ఇరవై నాలుగు టీలున్నాయి. చేతిలో పాత గేరే ఉంది. దసరాకు మూడు వారాల పైచిలుకు.

గేరుకి బొట్టు

మర్నాడు లేచి చూస్తే సంచీ తేలిగ్గా ఉంది. గేరు లేదు.

"దేవుడి కాడ ఎట్టేను బాబూ" అన్నాడు అప్పన్న, పళ్ళు తోముకుంటూ, ఉపకారం చేసినవాడి ముఖంతో. "ఇయ్యాల విశ్వకర్మ పూజ కదేటి. మా వించిలు, గొలుసులు, కొక్కేలు అన్నీ ఎట్టినారు. పాపం దూరం నుంచొచ్చిన ఇనుము, ఒక్కటే ఇంట్లో ఉండిపోతాదని ఒగ్గలేకపోయాను."

పరుగెత్తాను. రేవు పక్కన రేకుల షెడ్డులో ఏనుగు మీద కూర్చున్న విశ్వకర్మ విగ్రహం. చేతిలో సుత్తి, ఇంకో చేతిలో, నమ్మండి, గాలిపటం. ఈ ఊళ్ళో ఈ పండక్కి గాలిపటాలు ఎగరేస్తారు. ఆకాశమంతా అవే. విగ్రహం కాళ్ళ దగ్గర మా గేరు, విరిగిన మూడు పళ్ళ చోటా మూడు కుంకుమ బొట్లతో.

మనవైపు ఆయుధపూజ దసరాకు చేస్తాం. లారీకి గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, అరగంటలో లోడుకు పంపేస్తాం. ఇక్కడ అలా కాదు. పూజలో పెట్టినదాన్ని మర్నాడు విగ్రహం నీళ్ళలో కలిసేదాకా ముట్టకూడదు. ఆ రోజు ఎవరూ ఏ పనిముట్టూ పట్టకూడదు. బందు రోజున కూడా ఇంత బందు ఉండదని అప్పన్న చెప్పాడు.

"మరి నా పని?"

"ఎల్దుం పద. ఇయ్యాల కొట్లు అమ్మవు గానీ, లోపల దాసిన సరుకంతా బయటికొచ్చి దేవుడి ముందు కూకుంటాది. ఏటుందో సూసుకోడానికి ఇంతకి మించిన రోజు లేదు."

ముప్పై ఏళ్ళ అనుభవం నా ఇరవై మూడు కొలతలను ఓడించడం అప్పటికి అలవాటైపోయింది. వెళ్ళాం.

ప్రదక్షిణలు

నిన్న నల్లగా జిడ్డుకారిన బజారు ఇవాళ పెళ్ళివారిల్లులా ఉంది. కిరసనాయిలుతో కడిగిన ఇరుసులు, బంతిపూల దండలు వేసుకున్న స్టీరింగులు. ప్రతి కొట్టు ముందూ కిచిడీ గిన్నె.

నిమాయి బాబు కొట్టులో విగ్రహం ఎదురుగా పీట మీద, తెల్లటి గుడ్డలో, చందనం పూసుకుని కూర్చుంది కౌంటర్ గేరు. చూడ్డానికి అచ్చం మాదే.

చెయ్యి నా ప్రమేయం లేకుండా జేబులోని కాలిపర్ మీదకు వెళ్ళింది. పూజారి చూసి కెవ్వుమన్నాడు. "ఈ రోజు పనిముట్టు తీయకూడదు!"

సరే, పళ్ళు లెక్కపెడదామంటే సగం దండ కింద ఉన్నాయి, సగం వెనకవైపు ఉన్నాయి. ఒకటే దారి. చేతులు జోడించి ప్రదక్షిణ మొదలుపెట్టాను. మొదటి చుట్టులో పెద్ద చక్రం లెక్క తేలింది. రెండో చుట్టులో మూడోదీ, నాలుగోదీ. రెండో చక్రం దగ్గర ప్రతిసారీ ఒక బంతిపువ్వు అడ్డొస్తోంది. ఏడు ప్రదక్షిణలైనా తేలలేదు.

"ఎంత భక్తి!" అని ఎవరో అన్నారు. నాకు దారి వదిలారు. ఒకావిడ శంఖం ఊదింది.

పదకొండో చుట్టుకు లెక్క సరిపోయింది. ఇక పొడవు. పీట ముందు సాష్టాంగపడి, నమస్కారం వంకతో చేయి చాపి జానతో కొలిచాను. జానకు రెండు వేళ్ళు తక్కువ. మాదీ అంతే. ఆనందం పట్టలేక అక్కడే కాసేపు పడుకుండిపోయాను. పూజారి ముచ్చటపడి నా దోసిట్లో మామూలుకంటే రెండింతల ప్రసాదం పోశాడు.

లేచి నిమాయి బాబును నిలదీశాను. "నిన్న లేదన్నారే!"

"నిన్న కొనడానికి వచ్చావు. కొట్లో లేదు" అన్నారాయన హిందీలో, తాపీగా. "ఇది దేవుడిది. మా నాన్న ఈ కొట్టు పెట్టినప్పుడు మిలిటరీ వేలంలో కొన్న మొదటి వస్తువు. ఏటా ఈ పీట మీద కూర్చుంటుంది. అమ్మను."

మీసం మీద ఓటింగు

అప్పన్న రంగంలోకి దిగాడు. తెలుగు, హిందీ, బెంగాలీ మూడూ కలిపి ఏకరువు పెట్టాడు. మావయ్య మీసాన్ని వర్ణించేటప్పుడు రెండు చేతులూ చాచాడు. అంత ఉండదని నేను చెప్పబోతే కాలు తొక్కాడు. తర్వాత ఫోటో చేతులు మారింది. పక్క కొట్లవాళ్ళు, టీ మనిషి, పూజారి, అందరూ చేరారు. ఈ ఊళ్ళో పదిమంది చేరితే అది సభ. సభ అంటే చర్చ.

బజారు సంఘం కార్యదర్శి ఫోటోను దూరంగా పెట్టుకుని చూశాడు. "ఇది భూస్వామ్య మీసం. దీన్ని కాపాడటం ప్రగతి నిరోధకం."

"భూస్వామి ఎవరు దాదా?" అని అప్పన్న లేచాడు. "ఈయన జీపు ఈయనే తోసుకుంటాడు! అవతలోడే మిల్లు యజమాని!"

సభలో కలకలం. "మిల్లు యజమానా? ముందే చెప్పొద్దూ!"

పూజారి మాత్రం దేవుడి వస్తువు కదిలిస్తే అరిష్టమన్నాడు. టీ మనిషి, మీసం పోవడం అంతకంటే అరిష్టమన్నాడు. అతనికి మీసం లేదు, ఎప్పుడు పోయిందో ఎందుకు పోయిందో అడిగే ధైర్యం ఎవరికీ రాలేదు. గంటన్నర గడిచాక కార్యదర్శి చేతులెత్తమన్నాడు. మీసం ఉండాలన్నవాళ్ళు ఏడుగురు, అక్కర్లేదన్నవాళ్ళు ఐదుగురు. కార్యదర్శి తటస్థం.

నిమాయి బాబు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సంఘం మాట కాదనను. కానీ అమ్మను. పైగా వచ్చే ఏడాది ఈ పీట ఖాళీగా ఉండకూడదు. ఇలాంటిదే, ఈ రోజే పూజ అందుకున్నది తెచ్చిపెట్టండి. మార్చుకుందాం."

నేను తల వేలాడేశాను. ఈ రోజే పూజ చేసిన ఇంకో యుద్ధం నాటి కౌంటర్ గేరు ఎక్కడినుంచి తేను?

అప్పన్న నా వీపు మీద ఒకటి చరిచాడు. "ఓరి ఇంజినీరు బాబూ! మరి నానెందుకెట్టేను దేవుడి కాడ?"

"పళ్ళు విరిగినది పనికొస్తుందా?" అని నిమాయి బాబును అడిగాను.

"పూజకు పళ్ళెందుకు?" అన్నారాయన.

గంగ ఒడ్డున

మర్నాడు మధ్యాహ్నం విగ్రహాన్ని తోపుడు బండి మీద గంగకు తీసుకెళ్ళారు. డప్పులు, రంగులు, వించి ఆపరేటర్ల నాట్యం. నేను గేరు కోసం షెడ్డుకు వెళ్తే పీట ఖాళీ. గొలుసులున్నాయి, కొక్కేలున్నాయి, గేరు లేదు. మావయ్య సగం మీసంతో నా కళ్ళ ముందు కనిపించారు.

ఒడ్డుకు పరుగెత్తాను. గేరు భద్రంగానే ఉంది. రేవు వాలులో బండి నీళ్ళలోకి జారిపోకుండా చక్రం కింద అడ్డు పెట్టారు, దేవుడి పనే కాబట్టి ముట్టుకోవచ్చట. తీయబోతే నలుగురు అరిచారు. నిజమే, తీస్తే దేవుడితో పాటు బండీ, బండితో పాటు దాన్ని పట్టుకున్న ఆరుగురూ మునుగుతారు. గేరు పక్కనే గొంతుక్కూర్చుని కాపలా కాశాను. విగ్రహం ఏడుసార్లు గిరగిరా తిరిగి నీళ్ళలోకి వెళ్ళింది. అందరూ కేక వేశారు. నేనూ వేశాను, వేరే కారణంతో.

ఆ సాయంత్రమే నిమాయి బాబు పీట మీద మా గేరు కూర్చుంది, ఆయనది నా ఒళ్ళోకి వచ్చింది. కాలిపర్ తీసి ఇరవై మూడు కొలతలూ చూశాను. ఇరవై మూడూ సరి. నిమాయి బాబు డబ్బు ముట్టుకోలేదు. ఓటేసిన పన్నెండు మందికీ, తటస్థుడికీ సందేశ్ మిఠాయి పంచమన్నారు. ఒక్కొక్కటి రూపాయిన్నర. వ్యతిరేకంగా ఓటేసిన ఐదుగురూ రెండేసి తీసుకున్నారు.

తంతి

ఇప్పుడు నా తెలివితక్కువ పని. సంతోషం ఆపుకోలేక మావయ్యకు తంతి కొట్టాను: "గేరు దొరికింది. మీసం క్షేమం." పదాలు తక్కువ కాబట్టి ఖర్చు తక్కువ. కానీ మా ఊరి పోస్టాఫీసు ఉన్నది సత్యం నాయుడి మిల్లు ముందుగదిలో. తంతి వస్తే పోస్టుమాస్టరు గట్టిగా చదివి సరిచూసుకుంటారు. మావయ్య కంటే గంట ముందే నాయుడు విన్నాడు.

ఘాటీ

గేరు ఎక్కించడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. దసరా రోజు ఉదయం మావయ్య, నేను, డ్రైవరు, ఇంకో ఐదుగురు, మొత్తం ఎనిమిది మందిమి జీపెక్కాం. ఊరు ఊరంతా ఘాటీ కింద నిలబడింది. మొదటి మలుపు దాటింది. మూడో మలుపులో ఫస్టు గేరు వేశారు మావయ్య. నేను ఊపిరి బిగబట్టి వింటున్నాను. నా జీవితంలో అంత శ్రావ్యమైన మూలుగు వినలేదు. పైకి చేరేసరికి మావయ్య మీసం చెమటతో వేలాడుతోంది గానీ, ఉంది.

కిందికి దిగేసరికి నాయుడు తలకూ మూతికీ కలిపి తువ్వాలు చుట్టుకుని ఎదురొచ్చాడు. మంగలి కత్తితో సిద్ధంగా ఉన్నాడు. నాయుడు తువ్వాలు విప్పాడు. నున్నటి గుండు, దానిమీద గంధం. కింద మీసమూ లేదు.

"సింహాచలం వెళ్ళొచ్చాను" అన్నాడు, భక్తిగా కళ్ళు మూసుకుని. "స్వామికి పాత మొక్కు. మొన్ననే తీర్చుకున్నాను. లేని మీసం ఎలా తీయించను బావా?"

పెద్దలు చాలాసేపు గుసగుసలాడుకున్నారు. కలకత్తా అయితే చేతులెత్తించేవాళ్ళు. చివరికి కరణం గారు తీర్పు చెప్పారు: దేవుడికిచ్చింది దేవుడికి, పందెం పందేనికి. నాయుడికి మీసం మళ్ళీ మొలిచిన రోజున ఊరి మధ్యలో తీయించుకోవాలి.

అది జరిగి రెండు నెలలైంది. నాయుడికి మీసం మొలవలేదు. మొలవనివ్వడు. రోజూ పొద్దున్నే మిల్లు అరుగు మీద కూర్చుని నున్నగా గీయించుకుంటాడు. మంగలిని అడిగి లెక్క రాసుకుంటున్నాను. ఒక్కసారి తీయించుకుంటే పోయేదానికి ఇప్పటికి యాభై ఎనిమిది సార్లయింది.

సరిగ్గా ఆ వేళకే మావయ్య జీపు ఆ అరుగు ముందు నుంచి వెళ్తుంది. నిదానంగా, ఫస్టు గేరులో, ఊరంతా వినపడేలా. చదును రోడ్డు మీద ఫస్టు గేరు అక్కర్లేదనీ, పళ్ళు అనవసరంగా అరుగుతాయనీ కాగితం మీద లెక్క వేసి మరీ చూపించాను. మావయ్య మీసం తిప్పుకుని, "అరగనీరా" అన్నారు.